ముందు కాగితం, తరువాత సుత్తి, చివర చక్రం: ఇంటి షెడ్డులో కారు రేకు పని

పాత కార్ల బాడీ పనిని సొంత ఇంటి ఆవరణలోనే చేసుకోవాలనుకునే వారి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాను. ధరలు అడిగిన వారు మన్నించాలి; ఆటోనగర్‌లో ఉదయం చెప్పిన ధర సాయంత్రం దాకా నిలవడం నేను చూడలేదు, అచ్చులోకి వచ్చేసరికి అసలే నిలవదు.

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన ప్రీమియర్ పద్మిని కారు పదిహేనేళ్లుగా మా ఇంటి వెనుక నిలబడిపోయింది. ముందు మడ్‌గార్డులు రెండూ, తలుపుల అడుగు రేకులూ తుప్పుకు పోయాయి. అక్కడే 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుతో షెడ్డు వేయించాను. ఉద్యోగ విరమణ అయింది కాబట్టి ఈ రేకులన్నీ నా చేతులతోనే చేసుకోవాలని కోరిక. ఇంగ్లీష్ వీల్ ఒక్కటి కొంటే చాలని మిత్రుడొకరు అంటున్నారు. ఏవేవి ముందు కొనాలో వరుసగా చెప్పగలరా?
ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మీ మిత్రుడి మాటను కాదనను గాని, రెండు చక్రాల నడుమ రేకును నలిపి సాగదీసే ఆ యంత్రాన్ని మీ పట్టీలో చిట్టచివరికి జరపండి. ఎంత పెద్ద యంత్రమైనా రేకుకు చేసేవి రెండే: ఒకచోట సాగదీస్తుంది, లేదా ఒకచోట కుదిస్తుంది. రేకును మడత పెట్టినప్పుడు గాని, గొట్టంలా చుట్టినప్పుడు గాని దాని విస్తీర్ణం మారదు కాబట్టి ఆ పనులు ఎవరికైనా త్వరగా పట్టుబడతాయి. మడ్‌గార్డు సంగతి వేరు. అది పొడవునా వంగుతుంది, అడ్డంగానూ వంగుతుంది. అలా రెండు దిక్కులా వంపు తిరగాలంటే చదును రేకు నడుమ విస్తీర్ణం పెరగాలి, లేదా అంచుల్లో తగ్గాలి. ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలియని చేతికి చక్రం దొరికితే రేకు త్వరగా పాడవుతుంది, అంతే.

అది తెలుసుకోవడానికి కావలసిన మొదటి పనిముట్టు పాత దినపత్రిక. తుప్పు పట్టినా ఆకారం చెడని వైపు మడ్‌గార్డును ఎంచుకుని, దాని మీద కాగితం పరచి, అరచేత్తో నడుమ నుంచి అంచులకు అదుముతూ రండి. కొన్నిచోట్ల కాగితం చీర కుచ్చిళ్లలా ముడుచుకుంటుంది. అక్కడ రేకును కుదించాలి. మరికొన్నిచోట్ల కాగితం అందక, కత్తెరతో గాటు పెట్టగానే నోరు తెరుచుకుంటుంది, అక్కడ సాగదీయాలి. ఈ గుర్తులను కాగితం మీదే రాసుకుంటే మీ మడ్‌గార్డు జాతకం మీ చేతిలో ఉన్నట్టే. కాగితం మీద గుర్తులు పూర్తిచేయకుండా రేకు కత్తిరించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రేకు ఇప్పుడు మా ఇంట్లో మొక్కల కుండీ కింద ఉంది.

రెండవ వైపు మడ్‌గార్డుకు ఇంకో ఉపాయం ఉంది. అతుకు తక్కువగా ఉండే కాగితపు టేపును మంచి వైపు మడ్‌గార్డంతా ఒక పొరగా అంటించి, దాని మీద నార కలిసిన సాగని టేపును నిలువుగానూ అడ్డంగానూ వేసి, మొత్తం ఒక తోలులా ఊడదీయండి. ఆ తోలును చొక్కా తిరగేసినట్టు లోపలి వైపు బయటికి తిప్పితే అదే రెండవ వైపు మడ్‌గార్డు ఆకారం. కొత్త రేకును దీని కింద పెట్టి చూసినప్పుడు, తోలు వదులుగా ముడతలు పడితే రేకు ఇంకా సాగాలని, బిగిసి అంచులు లేచి నిలబడితే అక్కడ ఎక్కువ సాగిందని అర్థం. అయితే ఈ తోలు విస్తీర్ణాన్ని మాత్రమే చెబుతుంది, ఒంపు ఎక్కడ నిలవాలో చెప్పదు. అందుకోసం మడ్‌గార్డు మీద ప్రతి 100 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ప్లైవుడ్ ముక్కలను ఒంపుకు సరిగ్గా కోసి, ఒక చట్రంలో నిలబెట్టి పెట్టుకోండి. ఆ చట్రం సరిచూసుకోవడానికే. దాని మీద పెట్టి సుత్తితో కొడితే చట్రమూ పోతుంది, కొలతా పోతుంది.

ఇక కొట్టడం. కుమ్మరి పచ్చి కుండ లోపల ఒక రాయి ఆనించి, బయట చెక్కతో తట్టుతూ గోడను పలుచన చేసి కుండను పెద్దది చేయడం మీరు చూసే ఉంటారు. కారు రేకు కింద డాలీ అనే చేతి ఇనుప దిమ్మెను పట్టుకుని పైన సుత్తితో కొట్టడమంటే అదే పని. సుత్తి దెబ్బ సరిగ్గా డాలీ మీద పడితే నడుమ రేకు నలిగి సాగుతుంది. డాలీ పక్కన పడితే సాగకుండా జరుగుతుంది, అంటే ఎత్తు తగ్గి పల్లం లేస్తుంది. మన టింకరింగ్ మేస్త్రీలు మాటల్లో చెప్పకపోయినా చేతిలో ఎరిగినది ఈ తేడానే. కంచరి వారు బిందె తట్టే చోట ఒక గంట కూర్చున్నా ఇది తెలుస్తుంది, పైగా ఆ పాఠానికి ఫీజు లేదు.

కాబట్టి ముందుగా సమకూర్చుకోవలసినవి ఇవి. కట్టెల అడితిలో అడుగున్నర అడ్డుకొలత, నడుము ఎత్తు ఉన్న ఆరిన తుమ్మ మొద్దు ఒకటి తెచ్చుకుని, దాని తలపై ఒక పక్క అరచేయంత వెడల్పు, ముప్పావు అంగుళం లోతుతో నున్నటి గుంట తొలిపించండి. రేకును ఆ గుంట మీద పెట్టి చెక్క సుత్తితో కొడితే నడుమ దిగి, అంచుల్లో చిన్న ముడతలు పడతాయి. ఆ ముడతలు విప్పుకోకముందే పక్కల నుంచి తట్టి వాటిలోకే అణిచేస్తే అంచు కుదించుకుపోతుంది. సాగడం, కుదించడం రెండూ ఒకే మొద్దు మీద నేర్చుకోవచ్చు. దీనితో పాటు మందపాటి తోలుతో అడుగు వెడల్పు గుండ్రటి సంచి కుట్టించి, కృష్ణ ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టి, సంచి కొంచెం వదులుగా ఉండేలా నింపండి. కడగని ఇసుకైతే ప్రతి దెబ్బకూ దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసం గుండ్లు నింపమని కొందరు చెబుతారు. సీసం విషం, ఇంట్లో పిల్లలు తిరిగే చోట వద్దు. సుత్తుల్లో బేరిపండు ఆకారపు చెక్క సుత్తి ఒకటి, నున్నటి మొహం ఉన్న తేలికపాటి ఇనుప సుత్తులు రెండు, ఒంపులు వేరువేరుగా ఉన్న డాలీలు మూడు, కుడి ఎడమ వంపులకు రెండు రేకు కత్తెరలు, బరువైన బెంచి వైస్ ఒకటి చాలు. సుత్తి మొహం అద్దంలా ఉండాలి, ఎందుకంటే దాని మీద ఉన్న ప్రతి గాటూ రేకు మీద అచ్చు పడుతుంది. దాగలికి బదులుగా రైలు పట్టా ముక్క బాగా పనికొస్తుంది గాని, రైళ్ల కూడలి అయిన మన ఊరిలో ఒక మాట చెప్పక తప్పదు: రశీదు లేని పట్టా ముక్క ఇంట్లో దొరికితే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద కేసు అవుతుంది. వేలంలో కొన్నవారి దగ్గర బిల్లుతో తీసుకోండి, లేదా లేత్ షాపులో మందపాటి ఇనుప దిమ్మెను నున్నగా తీయించుకోండి.

రేకు విషయంలో పొదుపు చేయకండి. నల్లటి పెచ్చు కట్టి ఉండే వేడి రోలింగ్ రేకు గాని, తుత్తునాగం పూత ఉన్న జీఐ రేకు గాని ఈ పనికి వద్దు. చల్లగా రోలింగ్ చేసిన సీఆర్ రేకుల్లోనే లోతుగా సాగడానికి తయారు చేసిన రకాలను డీడీ, ఈడీడీ అని అడిగి తీసుకోవాలి. 20 గేజి, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం చేతి పనికి అనువుగా ఉంటుంది. 8 అడుగులు, 4 అడుగుల పూర్తి రేకు 1 మిల్లీమీటరు మందంలో సుమారు 23 కిలోలు తూగుతుంది కాబట్టి ఒక్కరే ఎత్తవచ్చు గాని, అంచు కత్తిలా ఉంటుంది. తోలు చేతొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. మొదటి రేకుతో మడ్‌గార్డు మొదలుపెట్టకుండా, 8 అంగుళాల గుండ్రటి బిళ్లలు కోసి గిన్నెలు చేయండి. నాలుగో గిన్నె నున్నగా వచ్చిందంటే మడ్‌గార్డు జోలికి వెళ్లవచ్చు.

ఇంగ్లీష్ వీల్ అప్పుడు కొనండి. పైన పెద్ద చదును చక్రం, కింద ఒంపు తిరిగిన చిన్న చక్రం, నడుమ నలుగుతూ సాగే రేకు. ఇదే ఆ యంత్రమంతా. సుత్తి దెబ్బల గుంతలను నున్నగా చేయడంలో దానికి సాటి లేదు, పైగా చప్పుడు చేయదు. దాని బలమంతా చట్రం బిగువులో ఉంటుంది. నేను మొదట పలుచటి గొట్టంతో చట్రం చేయించి, రేకు లోపలికి తోసినప్పుడల్లా చట్రం నోరు తెరవడం వల్ల ఒత్తిడి ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేక, రేకంతా నాగలి చాళ్లు దున్నినట్టు తయారు చేశాను. కనీసం 100 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 6 మిల్లీమీటర్ల మందంలో తీసుకుని చట్రం కట్టించి, చక్రాలు మాత్రం గట్టిపరిచి గ్రైండింగ్ చేసినవి కొనడం మేలు. ఒత్తిడి తక్కువగా పెట్టి, ఎక్కువసార్లు నడపండి.

మీ షెడ్డు గురించి ఒక మాట. పద్మిని సుమారు ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని షెడ్డు నడుమ నిలిపితే రెండు పక్కలా మీటరు చొప్పున మిగిలి, ఎటూ పని చేయలేరు. కారును చక్రాల ట్రాలీ మీదకు ఎక్కించి ఒక గోడకు జరిపితే మరో పక్క రెండు మీటర్లు దొరుకుతుంది. మొద్దు, చక్రం ఆ పక్కనే ఉండాలి. రేకును ముందుకూ వెనక్కూ తోయడానికి చక్రానికి రెండు వైపులా కనీసం నాలుగడుగుల ఖాళీ అవసరం. ఈ కారుకు విడి చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది పెట్టె రేకులు కూడా తుప్పుకు పోయి ఉంటే, వాటిని కోసే ముందు తలుపు సందుల్లో గొట్టాలు అడ్డంగా వేసి బిగించండి. లేకుంటే బాడీ నడుమ వాలిపోయి, కొత్త రేకు వేశాక తలుపులు పడవు.

ప్రశ్న: మా బాబాయి గారి పాత జీపుకు నేల రేకులు, పక్క రేకులు మార్చే పని నేను తీసుకున్నాను. ఇంట్లో ఉన్న రాడ్ వెల్డింగ్ మిషన్‌తో 1 మిల్లీమీటరు రేకును అతికితే చిల్లులు పడుతున్నాయి, చిల్లు పడని చోట రేకు మెలి తిరిగిపోతోంది. సీఓటూ మిషన్ కొనాలా, టిగ్ కొనాలా? ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు దానికి సరిపోతుందా?
ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: జీపుతో మొదలుపెట్టడం తెలివైన పని, ఎందుకంటే దాని రేకుల్లో చాలా భాగం చదునుగానో ఒకే దిక్కు వంపుతోనో ఉంటాయి. చిల్లులకు కారణం మీ చేయి కాదు. ఇంటి వాడకపు రాడ్లు అంత పలుచటి రేకుకు చేసినవి కావు; ఆ మిషన్‌ను స్టాండులు, బెంచీలు చేసుకోవడానికి దాచుకోండి.

1 మిల్లీమీటరు ఇనుప రేకుకు టిగ్‌లో, అంటే ఆర్గాన్ వాయువు రక్షణలో టంగ్‌స్టన్ సూదితో ఆర్క్ వెలిగించే వెల్డింగులో, సుమారు 40 ఆంపియర్లు చాలు. అప్పుడు ఆర్క్ వోల్టేజి 12కు లోపే ఉంటుంది కాబట్టి మంట దగ్గర ఖర్చయ్యేది అర కిలోవాటు కూడా కాదు, ఇన్వర్టర్ మిషన్ నష్టాలు కలుపుకున్నా ఇస్త్రీ పెట్టె తీసుకునే కరెంటుకు మించదు. మిషన్ మీద 200 ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన అంతా వాడము కదా. సింగిల్ ఫేజ్‌కు నిజంగా బరువయ్యేది కంప్రెసర్. 3 హార్స్‌పవర్ మోటారు రెండు కిలోవాట్లు దాటుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. గాలితో నడిచే సుత్తులు, గ్రైండర్లు కొనే ముందు మీ మీటరుకు మంజూరైన లోడు ఎంతో చూసుకుని, తక్కువైతే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి పెంచుకోండి. షెడ్డుకు విడిగా వైరు లాగి, విడి ఎర్తింగ్ వేయించండి. ఈ ఖర్చుకు వెనకాడవద్దు.

కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగను కరిగించి అతికే సీఓటూ వెల్డింగ్ త్వరగా నేర్చుకోవచ్చు, నేల రేకులకు, బ్రాకెట్లకు అది చాలు. అయితే దాని అతుకు గట్టిగా ఉంటుంది. సుత్తితో తట్టి చదును చేయబోతే అతుకు సాగదు, పక్క రేకు సాగుతుంది. టిగ్ అతుకు, పాతకాలపు గ్యాస్ అతుకు మెత్తగా ఉండి సుత్తికి లొంగుతాయి. బయటికి కనిపించే పక్క రేకులకు అందుకే టిగ్ మేలని నా అభిప్రాయం. రేపు అల్యూమినియం పని కూడా చేయాలనుకుంటే ఏసీ, డీసీ రెండూ ఇచ్చే మిషన్ తీసుకోవాలి. డీసీ ఒక్కటే ఉన్నది ఇనుముకు మాత్రమే.

మెలి తిరగడం ఎందుకో అర్థమైతే సగం బాధ తగ్గుతుంది. వేడెక్కిన గీత వెంట ఇనుము వ్యాకోచించబోతుంది, చుట్టూ ఉన్న చల్లటి రేకు దాన్ని కదలనివ్వదు, అందువల్ల అది ఉన్నచోటే ఉబ్బి మందమవుతుంది. చల్లారినప్పుడు మాత్రం మామూలుగానే ముడుచుకుంటుంది. ఫలితంగా అతుకు వెంట రేకు మునుపటి కంటే పొట్టిదవుతుంది, ఆ లాగుడుకు పక్కన రేకు అలలు పోతుంది. మందు కూడా అందులోనే ఉంది. రెండు అంచులూ సందు లేకుండా కలిసేలా ఆకురాయితో సరిచేసుకుని, నడుమ ఒకటి, రెండు కొసల్లో ఒక్కొక్కటి, మళ్లీ వాటి నడుమ ఒక్కొక్కటి చొప్పున అంగుళానికొక చుక్క పెట్టండి. ప్రతి చుక్కా చేత్తో ముట్టుకునేంత చల్లారాకే తరువాతిది. చుక్కలన్నీ అయ్యాక అతుకు ఎత్తును డాలీ మీద తట్టి చదును చేయండి, అప్పుడు గీత నింపండి, నింపాక మళ్లీ డాలీ మీద నేరుగా దెబ్బ పడేలా అతుకునే తట్టండి. అతుకు ఎంత పొట్టిదయిందో అంతా సాగే దాకా తట్టితే అలలు వాటంతటవే పడిపోతాయి. గ్రైండర్ చివర. ముందే గ్రైండర్ పెడితే సాగదీయడానికి లోహమే మిగలదు.

మే నెలలో గుంటూరులో రేకుల షెడ్డు కింద ఫ్యాను లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాని ఫ్యాను గాలి ఆర్గాన్‌ను ఎగరగొట్టి అతుకు నిండా సూది రంధ్రాలు చేస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో వెల్డింగును తెల్లవారుజామునే ముగించుకోండి. పొగ పోవడానికి షెడ్డు పైభాగంలో గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టండి, మీ మీదకు వీచేది పెట్టవద్దు. పాత జీపు రేకు మీద పూత ఉంటే గీకేయండి. తుత్తునాగం పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం ఖాయం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకును వెల్డింగ్ చేయడం దానికంటే ఎంతో ప్రమాదం, ఆ ఆవిరి వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. రేకు తుడవడానికి ఎసిటోన్ వాడి, పూర్తిగా ఆరిన తరువాతే ఆర్క్ వెలిగించండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా చిన్న వర్క్‌షాపు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నాను. పాతవాటిలో ఏవి పనికొస్తాయి? ఈసారి ఎలా కట్టుకోవాలి?
ఒక పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: మోటార్లను ఇప్పటికీ కరెంటు ఇచ్చి పరీక్షించి ఉండకపోతే, ఇవ్వకండి. వైండింగ్ షాపులో విప్పించి, ఆరబెట్టించి, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూపించిన తరువాతే ప్లగ్ పెట్టాలి. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ లోపలి కార్డు మీద బురద చేరితే దాన్ని నమ్మలేము. చక్రాల బేరింగులు తీసి మార్చండి, వాటి ఖరీదు తక్కువే. సుత్తులు, డాలీలు తుప్పు పట్టినా పోయినట్టు కాదు. తుప్పు గుంతలు పోయేదాకా 120 నంబరు ఎమెరీతో మొదలుపెట్టి 600 దాకా రుద్ది, బఫ్ పట్టిస్తే కొత్తవాటికి తీసిపోవు. తోలు సంచి బూజు పట్టి ఉంటే పారేసి, ఇసుకను మాత్రం కడిగి ఎండబెట్టి వాడుకోండి. మునిగిన గ్యాస్ సిలిండర్లను, రెగ్యులేటర్లను మీరు తెరవవద్దు, సరఫరా చేసిన వారికి తిప్పి పంపండి.

కొత్తగా కట్టేటప్పుడు మీ వీధిలో నీటి గుర్తు గోడ మీద ఎక్కడ ఉందో చూసి, స్విచ్ బోర్డులు దాని పైన పెట్టించండి. మోయగలిగిన మిషన్లకు గోడకు ఇనుప అటక, మోయలేని వాటికి కాంక్రీటు దిమ్మె. సిలిండర్లు నీటిలో పడిపోకుండా గోడకు గొలుసుతో నిలువుగా కట్టాలి, ఎసిటిలీన్‌ను ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనె చేయి తగలకూడదన్నది వరదలతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా గుర్తుంచుకోవలసింది.

వరద రాని ఏడాది కూడా మన కృష్ణా తీరపు తేమ రేకును వదలదు. సీఆర్ రేకుకు రక్షణ పూత ఏదీ ఉండదు, వేలిముద్ర పడినచోట రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. రేకులను నేలకు ఆనించకుండా చెక్కల మీద పరచి, పలుచగా నూనె పట్టించి ఉంచండి. పని పూర్తయిన రేకుకు ఆ రోజే ఎపాక్సీ ప్రైమరు వేయండి. మామూలు ప్రైమరు తేమను పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు పట్టడం పైకి కనిపించదు.

ప్రశ్న: మా షెడ్డులో సుత్తి చప్పుడు మొదలవగానే పక్కింటివారు గొడవకు వస్తున్నారు. చట్టం ఏం చెబుతోంది?
ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్స్, ఆ తరువాత 45 డెసిబెల్స్ పరిమితి. ఇనుప దిమ్మె మీద రేకును కొట్టే చప్పుడు దీన్ని సునాయాసంగా దాటుతుంది కాబట్టి న్యాయం మీ పక్కింటివారి వైపే ఉంది. చప్పుడు తగ్గించే మార్గాలు మీ చేతిలోనే ఉన్నాయి. ఆకారం తెచ్చే పనంతా ఇసుక సంచి మీద చెక్క సుత్తితో చేస్తే మోత సగానికి పైగా పోతుంది. నున్నగా చేసే పనిని చక్రానికి అప్పగిస్తే మోతే ఉండదు. దాగలిని నేల మీద నేరుగా పెట్టకుండా ఇసుక నింపిన పెట్టెలో కూర్చోబెట్టండి, పెద్ద రేకును కొట్టేటప్పుడు దాని వెనుక తడి గోనెపట్టా ఆనించండి. గ్రైండర్ పని ఒక పూటకు కూడబెట్టి, ఆ పూట ఎప్పుడో పక్కింటివారినే అడిగి నిర్ణయించుకోండి. మీ చెవులకు మాత్రం ప్రతిరోజూ ప్లగ్గులు ఉండాలి. డబ్బు తీసుకుని ఇతరుల బండ్లు చేయడం మొదలుపెడితే అది ఇంటి పని కాదు. దానికి ఆటోనగర్‌లో చిన్న గది అద్దెకు తీసుకోవడమే మర్యాద.

ప్రశ్న: పాత అంబాసిడర్ పైకప్పు కోసి, ఎత్తు తగ్గించి, బానెట్టు పొడవు పెంచి కొత్త రూపం ఇవ్వాలని ఉంది. రోడ్డు మీద తిప్పవచ్చా? పాత కార్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉందని విన్నాను.
ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: తిప్పకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తుప్పు పట్టిన రేకు తీసి అదే ఆకారంలో కొత్త రేకు వేయడం మరమ్మతు, దానికి అడ్డు లేదు. రంగు మార్చినా ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

మీరు విన్న ప్రత్యేక రిజిస్ట్రేషన్ 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమాలది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి, నంబరులో వీఏ అనే అక్షరాలతో, 20,000 రూపాయల రుసుముతో అది దొరుకుతుంది. అయితే చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు, రోజువారీ ప్రయాణానికి గాని వ్యాపారానికి గాని వాడకూడదు. అంటే మీ కోరికకూ ఈ నియమానికీ పొత్తు కుదరదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, మంచి బాడీలు ఏటా తగ్గిపోతున్నాయి. దాన్ని కోసే ముందు పాడైన పైకప్పు ఏదైనా పాత ఇనుము కొట్టులో తెచ్చుకుని, దాని మీద మీ ముచ్చట తీర్చుకోమని నా సలహా. ప్రదర్శనకు మాత్రమే చేసే బండైతే రోడ్డెక్కించకుండా లారీ మీద తీసుకెళ్లండి.

ప్రశ్న: అల్యూమినియం రేకు కొంతసేపు కొట్టగానే బిగుసుకుని పగులుతోంది. వేడి చేద్దామంటే ఎర్రబడకుండానే కరిగి కారిపోయింది. అలాగే పాత పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడితే ఇంట్లో అతికించుకోవచ్చా?
ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: అల్యూమినియం సుమారు 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగే దాకా పగటి వెలుగులో రంగు మారినట్టే కనిపించదు. అందువల్ల కంటిని కాకుండా సబ్బును నమ్మండి. బట్టల సబ్బు బిళ్లను రేకు మీద గీతలుగా రుద్ది, మంటను ఒకచోట నిలపకుండా తిప్పుతూ వెనుక వైపు నుంచి వేడి చేయండి. సబ్బు గీత ముదురు గోధుమ రంగు దాటి నల్లబడగానే మంట తీసేయాలి. చల్లార్చాక రేకు మళ్లీ మెత్తబడి ఉంటుంది. బిగిసిన ప్రతిసారీ ఇలా చేయవచ్చు, పగులు కనిపించే దాకా ఆగవద్దు.

ట్యాంకు మాత్రం వద్దు. నిండుగా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే పేలడానికి కావలసిన ఆవిరి, గాలి రెండూ అందులో కలిసి ఉంటాయి. ఎన్నేళ్ల కిందట ఎండిపోయినా అతుకుల సందుల్లో పెట్రోలు మిగిలే ఉంటుంది, మంట తగిలినప్పుడు ఆవిరై బయటికి వస్తుంది. పాత ట్యాంకును నమూనాగా పక్కన పెట్టుకుని కొత్త రేకుతో కొత్తది చేసుకోండి. నీళ్లు నింపి, అతుకులన్నిటికీ సుద్ద పూసి, ఒక రాత్రి వదిలేస్తే ఎక్కడ కారినా తెల్లటి సుద్ద మీద తడి చార కనిపిస్తుంది.